స్త్రీల స్వీయగాథలు – సత్యపరీక్ష

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



కొంతకాలము క్రిందట మన గ్రంథాలయమున ఒక చిన్న సంఘటన జరిగెను. అరబ్బు దేశమందలి యొక స్త్రీ తన కష్టములను తానే చెప్పుకొన్నట్లు వ్రాయబడిన ఆంగ్ల గ్రంథమునకు తెలుగుసేత యొకటి చదువరుల చేతులు మారుచుండెను. ఒకనాటి సాయంకాలము ఒకరు దానిని బిగ్గరగా చదువగా పదుగురు చుట్టును కూర్చుండి వినిరి. చదువు ముగిసినంతనే వాదము పుట్టెను. అందున్నది అక్షరాల సత్యమని కొందరు పడుచువారనిరి. అదంతయు పుస్తకములమ్ముకొనువారి కల్పన యని పెద్దలలో కొందరనిరి. వాదము ముదిరి పాకమునబడుచుండగా, గుమ్మముకడ కూర్చుండి వినుచున్న యొక వృద్ధురాలు నెమ్మదిగా, "నాయనా, ఇందులో రాసింది నిజమేనంటావా? మా పిల్ల అక్కడే ఉంది గదా" అని యడిగెను. ఆమె కుమార్తె కువైటునందు ఒకరి యింట పనిచేయుచున్నది. అంతవరకు గొంతెత్తి వాదించినవారు ఆ ప్రశ్నకు తలలు వంచుకొనిరి. నేటి యీ ఉపన్యాసము ఆ తల్లి ప్రశ్నకు బదులు వెదకుటకే యేర్పడినది.

ఇది పొద్దుపోక చేసెడి సాహిత్య చర్చ కాదు. గోదావరి మండలములనుండియు, కడపసీమనుండియు, ఇతర ప్రాంతములనుండియు తెలుగు స్త్రీలెందరో గృహపరిచారికలై గల్ఫు దేశములకు వెళ్లినారు. బిడ్డలను తల్లులకప్పగించి, అప్పులు తీర్చుటకును, ఇల్లు కట్టుకొనుటకును, ఆడపిల్లల పెండ్లిండ్లకును పోయినవారే వారిలో పెక్కుమంది. అచ్చట పనివారి నివాసానుమతిని యజమానితో ముడివేయు 'కఫాలా' అను పద్ధతి వలన, యజమాని మంచివాడైనచో మనుగడ, చెడ్డవాడైనచో చెర యని చెప్పుకొనుట కలదు. 2015లో కువైటు ప్రభుత్వము గృహపరిచారకులకై ప్రత్యేక శాసనమొకటి చేసినది. దినమునకు 12 గంటలకు మించి పనిచేయింపరాదనియు, వారమునకొక దినము సెలవీయవలెననియు, ఏటికి 30 దినముల జీతముతో కూడిన సెలవు కలదనియు అందు నిర్ణయింపబడినది. శాసనము కలదు, అది మూసిన తలుపుల వెనుక నడచుచున్నదో లేదో లోపలనున్న స్త్రీ చెప్పిననే తెలియును. కావున స్త్రీ చెప్పిన మాట సత్యమా కాదా యను విచారణ మన యిండ్ల క్షేమమునకు సంబంధించినది.

మొదట ఒక అసత్యపు గ్రంథము సంగతి చెప్పుకొందము. 2003లో నార్మా ఖౌరీ అను నామె వ్రాసిన 'ఫర్బిడెన్ లవ్' అను పుస్తకము వెలువడినది. జోర్డాను దేశపు రాజధానియైన అమ్మానునందు తనకు డాలియా యను ప్రాణస్నేహితురాలుండెననియు, ఆమె అన్యమతస్థుడైన యువకుని ప్రేమించినందున కన్నతండ్రియే ఆమెను కత్తితో పొడిచి చంపెననియు, తాను దేశము విడిచి పారిపోవలసివచ్చెననియు ఆమె వ్రాసినది. ఒక్క ఆస్ట్రేలియాలోనే ఆ పుస్తకము రెండు లక్షల ప్రతులు చెల్లినది. చదివినవారు కన్నీరు విడిచిరి. 2004 జూలైలో సిడ్నీ నగరపు పత్రిక యొకటి, మాల్కం నాక్స్ అను విలేఖరి పరిశోధన ఫలముగా, అసలు సంగతి బయటపెట్టెను. ఆ రచయిత్రి మూడేండ్ల పసిపాపగా నున్నప్పుడే జోర్డాను విడిచి అమెరికాలోని షికాగో నగరమున పెరిగినదట. ప్రకాశకులు పుస్తకమును అమ్మకమునుండి ఉపసంహరించుకొనిరి. ఆమె మాత్రము కథ సత్యమేయని వాదించుచు వచ్చినది.

ఆ గ్రంథమందలి తప్పులను మొదట పసిగట్టినవారు అమ్మాను నగరపు స్త్రీలే. జోర్డానునకు కువైటు సరిహద్దు దేశమని ఆ పుస్తకమున వ్రాయబడియున్నది. ఆ రెంటికిని నడుమ ఇతర దేశముల భూమియున్నది. పొలము తగవులెరిగినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. ఒకడు వచ్చి ఈ చెక్క మా తాతలనాటిదని యేడ్చినచో, ఊరివారు ముందుగా హద్దులు చెప్పుమందురు. తూర్పున ఎవరి తోట, పడమట ఏ డొంక, ఉత్తరమున ఏ కాలువ? నాలుగు హద్దులు చెప్పలేనివాని కన్నీరు ఎంత ధారగానున్నను దస్తావేజు కానేరదు. ఈ హద్దుల పరీక్షయందే ఆ గ్రంథము విఫలమైనది.

దాని వలన నష్టపడినవారెవరు? పుస్తకము కొన్న చదువరి రూకలు కొన్ని పోయిన పోవుగాక. అసలు నష్టము జోర్డాను స్త్రీలకు వాటిల్లినది. రానా హుసేనీ అను పత్రికా విలేఖరి 1994 మొదలుకొని తన దేశములో కుటుంబ గౌరవము పేరిట జరుగుచున్న హత్యలను ఒక్కొక్కటిగా విచారించి ప్రకటించుచు వచ్చినది. చంపబడిన స్త్రీలు నిజము. చంపినవారికి పడిన స్వల్పశిక్షలును నిజము. ఆ ఖౌరీ పుస్తకమునందలి తప్పులను ఎత్తిచూపినవారిలో ఈమె ముందుండెను. హత్యలను కప్పిపుచ్చుటకు ఆమె అట్లు చేయలేదు. సత్యమైన కేసులపై అసత్యపు నీడ పడరాదని చేసినది. "నాన్నా పులి" యని ఊరక కేక వేసిన పిల్లవాని కథ మనకెల్లరకును తెలిసినదే. అందు ఆ పిల్లవాడే నష్టపడెను. ఇందు కేక వేసినది ఒకరు, పులి వాతబడునది వేరొకరు.

మన మామిడి తోటల వాడుకలో చెప్పవలెనన్న, ఇట్టి గ్రంథము కార్బైడు పొడితో మాగబెట్టిన కాయవంటిది. పైతొక్క పచ్చగా నిగనిగలాడును. కొని యింటికి తెచ్చి కోసిన టెంకదగ్గర పులుపు. ఒకసారి మోసపోయిన పట్నపు బేరగాడు మరునాడు గడ్డిలో మాగవేసిన మంచి రసాలను చూచియు అనుమానించును. మోసము చేసినవాడొకడు; ధర పడిపోయినది ఊరందరకును.

అయినను, ఒక పుస్తకము అబద్ధమైనంతనే అన్ని పుస్తకములును అబద్ధమనుట తగునా? ఇచ్చటనే మన పెద్దలు కొందరు పొరబడినారు. నన్నయభట్టారకుని ఆదిపర్వమందలి శకుంతలోపాఖ్యానమును తలచుకొందము. కణ్వాశ్రమమున గాంధర్వవిధిని తన్ను వివాహమాడిన దుష్యంతుని కొలువునకు శకుంతల కుమారుని వెంటబెట్టుకొని వచ్చినది. ఆ రాజు అంతయు ఎరిగియుండియు నీవెవ్వతె వనినాడు. కాళిదాసు నాటకమునందువలె శాపమును, మరపును ఇచ్చట లేవు. కేవలము లోకాపవాద భీతియే. వివాహమునకు సాక్షులు లేరు. ఆమెకున్నది తన మాట యొక్కటియే. ఆమె సభలో నిలిచి సత్యము గొప్పతనమును గూర్చి చెప్పినదంతయు తెలుగువారికి కంఠస్థమే. ఐనను సభ కదలలేదు. ఆకాశవాణి పలికిన పిదపనే రాజు ఒప్పుకొనెను. నేడు పరదేశమునుండి తిరిగివచ్చి తన గోడు చెప్పుకొను స్త్రీకి ఆకాశవాణి పలుకదు. ఆ పని వినువారి వివేకమే చేయవలసియున్నది. సాక్షి లేదని ఆమెను త్రోసిపుచ్చినచో దుష్యంతుని తప్పు మనది. విచారింపక నమ్మినచో ఖౌరీ పుస్తకము కొన్నవారి తప్పు మనది.

ఇతర దేశముల స్త్రీలను గూర్చి తీర్పు చెప్పుటకు ముందు, మన స్త్రీలను గూర్చి ఇతరులు తీర్పు చెప్పిననాడు మనకెట్లుండెనో గుర్తు చేసికొనుట మంచిది. 1927లో కేథరిన్ మేయో అను అమెరికా వనిత 'మదర్ ఇండియా' యను గ్రంథము ప్రకటించినది. కొద్ది నెలలు దేశమున తిరిగి, బాల్యవివాహములను, ప్రసూతి గృహములందలి మురికిని, వితంతువుల దుఃస్థితిని వర్ణించి, భారతీయులు స్వరాజ్యమునకు తగరను ధ్వని వచ్చునట్లు వ్రాసినది. దేశమంతయు మండిపడెను. గాంధీ మహాత్ముడు 1927 సెప్టెంబరులో 'యంగ్ ఇండియా' పత్రికలో దానిని మురుగు కాలువల తనిఖీదారుని నివేదికతో పోల్చినాడు. అయినను ప్రతి భారతీయుడును దానిని చదివి కొంత లాభము పొందవచ్చునని కూడ ఆయనయే వ్రాసినాడు. ఈ రెండు మాటలను కలిపి చూడవలెను. ఆమె చూపు వక్రము. ఆమె ఎత్తిచూపిన పుండులలో కొన్ని నిజము. 1929లో శారదా శాసనము వచ్చి, 1930 ఏప్రిలు 1 నుండి ఆడపిల్ల వివాహమునకు కనీసవయస్సు 14 ఏండ్లుగా నిర్ణయింపబడెను. కోపగించుకొనుటతో ఆగిపోక పుండు కడుగుకొన్నవారే అప్పుడు దేశమునకు మేలు చేసినవారు.

పరాయివారు వ్రాసినది వక్రమగుచో, లోపలివారు వ్రాసినది నిర్దుష్టమగునా? జాంజిబారు ద్వీపమునేలిన ఒమాను సుల్తాను కుమార్తె సల్మా 1844లో జన్మించినది. ఆ యంతఃపురమున ఆడపిల్లలకు చదువుట నేర్పుదురు గాని వ్రాయుట నేర్పరు. ఆమె ఒంటె భుజపుటెముకపై ఖురాను అక్షరములను చూచి దిద్దుకొని రహస్యముగా వ్రాయనేర్చెను. జర్మను వర్తకుని ప్రేమించి 1866లో ద్వీపము విడిచి, అతనిని పెండ్లాడి, ఎమిలీ రూటె యను పేర జర్మనీలో వసించెను. 1886లో ఆమె జర్మను భాషలో ప్రకటించిన జ్ఞాపకములు అరబ్బు స్త్రీ వ్రాసిన స్వీయగాథలలో మిక్కిలి ప్రాచీనమైనవిగా ప్రసిద్ధి గాంచినవి. తూర్పు దేశపు స్త్రీలను గూర్చి ఐరోపావారికి గల అపోహలను ఆమె అందు ఖండించినది. ఆమె చూచినది చూచినట్లు వ్రాసినదనుట నిస్సంశయము. కాని ఆ గ్రంథముననే ఆమె తమ దేశపు బానిసత్వమును సమర్థించినది. రాకుమార్తె కంటికి తన తల్లి కనబడినది, తన అక్కచెల్లెండ్రు కనబడిరి. నీరు మోయు దాసి మనస్సు కనబడలేదు. అబద్ధమాడనివారి మాటయందును కనబడని మూల యొకటి యుండుననుటకు ఇది నిదర్శనము.

ఇక మూడవ చిక్కు వ్రాయసగాని చేయి. మన దస్తావేజులందు వ్రాయించుకొన్నవారి వేలిముద్ర, సాక్షుల చేవ్రాలు, వాటితోపాటు వ్రాసినవాని పేరును ఉండును. ఊరక పెట్టిన ఆచారము కాదది. ఈజిప్టు దేశమున స్త్రీల హక్కులకై పోరాడిన హుదా షారావీ (1879–1947) తన జ్ఞాపకములను అరబ్బీలో తన కార్యదర్శిచే వ్రాయించినది. 'నా జ్ఞాపకములు' అను అర్థము గల శీర్షికతో అవి 1981లో అరబ్బీలో వెలువడెను. 1986లో ఆంగ్లమున వెలువడిన ప్రతికి 'హేరం ఇయర్స్', అనగా అంతఃపురపు సంవత్సరములు, అను పేరు పెట్టబడెను. 1919లో వీథికెక్కి స్త్రీల ఊరేగింపు నడపిన వనిత తన జీవితమునకు పెట్టుకొన్న పేరొకటి. దూరదేశపు అంగడిలో దానికి కట్టిన పేరు మరొకటి. పుస్తకము తెరచుటకు ముందే ఈ అట్ట ఎవరు వేసినారని అడుగుట చదువరికి నేర్పవలసిన మొదటి పాఠము.

ఈ పరీక్షలన్నియు అరబ్బు దేశపు పుస్తకములకే కాదు, మన తెలుగు పుస్తకములకును వర్తించును. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించిరి. వధువు కృష్ణా మండలపు బాలవితంతువు గౌరమ్మ. ఆ రాత్రి పట్టణమున గలిగిన యలజడి, పోలీసుల కావలి, పంతులుగారి ధైర్యము వారి స్వీయచరిత్రమున చదువుచున్నప్పుడు ఒడలు పులకరించును. ఆయన మాటను శంకింపవలసిన పని లేదు. కాని ఆ పందిటిలో కూర్చున్న పసిపిల్ల ఏమనుకొన్నదో ఆమె స్వయముగా వ్రాసికొన్న గాథ మనకు దక్కలేదు. ఉద్ధరించినవాని గాథ కలదు; ఉద్ధరింపబడినదాని గాథ లేదు. సత్యమైన గ్రంథమునందును సగము పుట తెల్లగానే యుండిపోయినది.

ఆ తెల్లపుటను నింపుటకు మన కృష్ణా మండలపు స్త్రీలే పూనుకొనిరి. పెనుగంచిప్రోలునందు 1874లో జన్మించిన బండారు అచ్చమాంబ బడికి పోయి చదివినది కాదు. తమ్ముడైన కొమర్రాజు లక్ష్మణరావుగారి సాయమున అక్షరములు నేర్చినది. స్త్రీలు అబలలనియు, బుద్ధిహీనలనియు చెప్పు మాటలు అసత్యములని నిరూపించుటకై దేశదేశముల స్త్రీల చరిత్రలు సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల'ను రచించినది. ఆమె జీవించినది 31 ఏండ్లకు మించదు. 1986లో స్త్రీశక్తి సంఘటన యను సంస్థవారు తెలంగాణ సాయుధ పోరాటమున పాల్గొన్న స్త్రీలకడకు పోయి, వారు చెప్పినదానిని యంత్రమున నిక్షేపించి, వారి పలుకుబడియందే 'మనకు తెలియని మన చరిత్ర' యను గ్రంథముగా ప్రకటించిరి. నాయకులు వ్రాసిన చరిత్రలలో రెండు పంక్తులకు మించి చోటు దొరకని స్త్రీలు, పోరాటము విరమింపబడిన పిదప తమకేమి మిగిలెనో అందు తామే చెప్పుకొనిరి.

చివరకు, మన పొరుగుననే యున్న పామర్రున 1918లో జన్మించిన కొండపల్లి కోటేశ్వరమ్మగారి 'నిర్జన వారధి' 2012లో వెలువడెను. పసితనముననే పెండ్లి, పసితనముననే వైధవ్యము. పిదప పునర్వివాహము, పార్టీ పని, అజ్ఞాతవాసము. ప్రఖ్యాతుడైన భర్త విడిచిపోవుట. పెద్దవయస్సున చదువు, కాకినాడలో బాలికల వసతిగృహమున ఉద్యోగము. కడుపున పుట్టిన కుమారుని, కుమార్తెను కోల్పోవుట. ఇన్ని పడిన స్త్రీ తొంబది యేండ్లు దాటిన వయస్సున కలము పట్టి, ఎవరిని దూషింపక, తన్ను పొగడుకొనక వ్రాసినది. ఆమె చెప్పిన ఊళ్లు మనము నడచిన ఊళ్లు. ఆమె చెప్పిన మనుష్యులను చూచినవారు ఈ మండలమున ఎందరో కలరు. నాలుగు హద్దులును సరిపోయిన గ్రంథమిది. గౌరమ్మ మౌనమునకు ఈమె పలుకునకు నడుమ 131 ఏండ్లు గడచినవి. ఆమె 2018లో నూరేండ్ల వయస్సున పరమపదించెను.

చదువరి ఏ స్త్రీ గాథ చేతబట్టినను ఐదు ప్రశ్నలు వేసికొనవలెను. చెప్పుచున్నది అనుభవించినవారా, విన్నవారా? నడుమ వ్రాయసగాడెవడు, అనువాదకుడెవడు? ఊరును, కాలమును, ఆచారమును అచ్చటివారు ఒప్పుకొనుచున్నారా? చెప్పువారు తమ తప్పును ఎక్కడనైన ఒప్పుకొన్నారా, లేక తాము దేవత, తక్కినవారు రాక్షసులా? చదివిన పిదప మనకు ఆ స్త్రీలపై గౌరవము పెరిగినదా, లేక ఒక జాతిపై ద్వేషము మాత్రమే పెరిగినదా? పేరు మార్చుకొనుట అసత్యము కాదు. ప్రాణభయము కలవారు పేరు దాచుకొందురు. అట్టిచో తక్కిన ప్రశ్నలను మరింత గట్టిగా అడుగవలెను. 1992లో వెలువడిన 'ప్రిన్సెస్' అను ప్రసిద్ధ గ్రంథమున సౌదీ రాకుమార్తె పేరు మార్చి చెప్పబడినది; ఆమె ఎవరో చదువరికి తెలియు దారి లేదు. అట్టిదానిని ఒక అభియోగముగా చదువవచ్చును, తీర్పుగా చదువరాదు.

ఇప్పుడు ఆ వృద్ధురాలి ప్రశ్నకు బదులు. అమ్మా, ఆ పుస్తకమున వ్రాసినది మీ బిడ్డ కథ కాదు. అది నిజమైనను కాకున్నను మీ బిడ్డ సంగతి దానివలన తెలియదు. ఆమెనే అడుగవలెను. ఊరక "బాగున్నావా" యని అడిగిన "బాగున్నాను" అనియే చెప్పును. తల్లి మనస్సు నొప్పింపరాదని ఏ బిడ్డయైనను అట్లే చెప్పును. పాసుపోర్టు ఎవరి చేతిలోనున్నది? జీతము ఏ తేదీన ఎవరి చేతికి వచ్చుచున్నది? వారమునకొక దినము సెలవున్నదా? రాత్రి పడుకొను గదికి లోపల గడియ కలదా? మాటలాడునప్పుడు ప్రక్కన ఎవరైనను నిలుచుందురా? ఇవి అడుగుడు. ఆమె చెప్పినది తేదీ వేసి వ్రాసియుంచుడు. మీకు వ్రాయుట రాకున్న ఈ గ్రంథాలయమున వ్రాయువారు కలరు. కష్టమని తెలిసిననాడు అచ్చటి భారత రాయబార కార్యాలయమునకు అర్జీ వ్రాయుటకును వారే సాయపడుదురు.

గ్రంథాలయమనగా ఇతరులు వ్రాసినది చదువుకొను చోటు మాత్రమే కాదు. 1914లో బెజవాడలో మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ సమకూడిననాటినుండి పల్లెలకు పుస్తకము చేర్చుటకు పెద్దలు పాటుపడిరి. ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయము ఆ పని చేసినది. ఇకమీదట పల్లెనుండి పుస్తకము పుట్టవలెను. పరదేశము పోయి వచ్చిన ఆడవారు మన చుట్టుప్రక్కల ఊళ్లలో కలరు. వారిచ్చకు విరోధముగా గాక, వారు చెప్పదలచినంత, వారి మాటలలోనే, చెప్పినవారి పేరు వారు కోరినచో దాచి, వ్రాసినవాని పేరు తప్పక వేసి, ఒక పుస్తకమున ఎక్కించుట ఈ రజతోత్సవ సంవత్సరమున మొదలిడదగిన పని. తెల్లకాగితముల పుస్తకమొకటి నేడే గ్రంథాలయపు బల్లపై పెట్టబడుచున్నది. మొదటి పుట ఆ తల్లిదియు, ఆమె బిడ్డదియు.